గోవా తీరం: రాత్రి 10 దాటితే సంగీతం ఎందుకు ఆగాలి?

శీతకాలంలో గోవాలో వారాల తరబడి విడిది చేసే పర్యాటకులకు సాయంకాలపు విందు, వినోదం ఎక్కువగా ఇసుకతిన్నెలపై వెలిసే ‘షాక్’లలోనే. ఈ తాత్కాలిక భోజనశాలలను వర్షాకాలానికి ముందే విప్పేస్తారు. చేపల కూర, అన్నంతో భోజనం ఆలస్యంగా సాగినా, సంగీతానికి హద్దు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాల్లో, ఏడాదికి 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు.

మోర్జిమ్, అగోండా వంటి తీరాల్లో వెలుతురు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడ గుడ్లు పెట్టేది ఈ కాలంలోనే. పొదిగిన పిల్లలు వెలుగున్న దిక్కే సముద్రమని భావించి కదులుతాయి. విద్యుద్దీపాల కాంతికి దారి తప్పితే అలసిపోయి, కుక్కలకో పక్షులకో చిక్కి ప్రాణాలు కోల్పోతాయి. ఆ తీరాల్లో మసక వెలుతురులో భుజించడం వాటికి మనం చేయగల మేలు.