కోల్‌కతాలో నాటిన మొక్కలు: గాలిలో ఆహారం పెరిగింది, మరి నీళ్లు?

2020 మే 20న అంఫన్ తుపాను కోల్‌కతాలో వేల చెట్లను కూల్చేసింది. వేళ్లు పైపైనే పరుచుకునే ఎర్ర తురాయి, పచ్చ తురాయి చాలాచోట్ల మొదలంటా పడిపోయాయి. బెంగాలీలు కృష్ణచూడా, రాధాచూడా అని ముద్దుగా పిలుచుకునే చెట్లివి. తర్వాత కొత్త మొక్కలు నాటారు. అవి చెట్లవుతాయా?

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది కదా, అది మొక్కకు ఆహారమే కదా, ఇంకా బాగా ఎదగాలిగా అని కొందరు అంటారు. ఇందులో కొంత నిజముంది. పరిశ్రమలు రాకముందు పది లక్షల భాగాల గాలిలో ఈ వాయువు దాదాపు 280 భాగాలు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఆకులకుండే సన్నని రంధ్రాల గుండా మొక్క దాన్ని తీసుకుంటుంది. అదే దారిలో నీరు ఆవిరైపోతుంది. ఆ వాయువు దండిగా ఉంటే రంధ్రాలు కొద్దిగా తెరిచినా సరిపోతుంది, నీరు ఆదా అవుతుంది.

కానీ నేల సహకరించాలి. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో ఒక లేత తోపుకు ఏళ్ల తరబడి అదనపు కార్బన్ డయాక్సైడ్ అందించారు. 2001-03 మధ్య ఎదుగుదల సగటున 24 శాతం ఎక్కువగా కనిపించింది. 2008 నాటికి అది 9 శాతానికి తగ్గింది. నేలలో నత్రజని చాలలేదు. ఇక ఫుట్‌పాత్ సిమెంటు మధ్య గంపెడు మట్టిలో బతికే మొక్క సంగతి చెప్పాలా?

కోల్‌కతాది ఎక్కువగా బంకమట్టి. వర్షాకాలంలో నీరు నిలిచిపోతే మట్టి సందుల్లోని గాలి బయటికి పోతుంది. వేళ్లకూ ఆక్సిజన్ కావాలి. అది అందకపోతే కుళ్లుతాయి. చుట్టూ నీళ్లున్నా మొక్క వాడిపోతుంది. నవంబరు నుంచి కథ తిరగబడుతుంది. వానలు దాదాపు ఉండవు. పెద్ద చెట్టయితే లోతు నుంచి తోడుకుంటుంది. మొక్క వేరు అంత దూరం వెళ్లలేదు. మట్టి ఎండగానే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. అప్పుడు గాలిలో ఆహారం ఎంతున్నా లోపలికి రాదు.

నగరం గాలి బాగా చెడేది కూడా ఆ చలికాలంలోనే. ఆకుల మీద దుమ్ము పేరుకుని వెలుతురును అడ్డుకుంటుంది, కడగడానికి వాన ఉండదు. వాహనాల పొగ మీద ఎండ పడి తయారయ్యే ఓజోన్ రంధ్రాల్లోంచి దూరి ఆకును దెబ్బతీస్తుంది. ఇక్కడో తిరకాసు ఉంది. నీళ్లు పోస్తే రంధ్రాలు తెరుచుకుని ఓజోన్ ఇంకాస్త లోపలికి వెళ్తుంది. అలాగని నీళ్లు మానేస్తే మొక్కే దక్కదు.

కాబట్టి మొదలు చుట్టూ సిమెంటు తొలగించడం, వానాకాలంలో నీరు పోయే దారి చేయడం, నవంబరు నుంచి మే దాకా ట్యాంకరు పంపడం తప్పదు. అదీ ఒక్క ఏడాదికి కాదు, కనీసం రెండు మూడేళ్లు. మొక్కలు నాటే ఖర్చుతో పాటు దీనికీ బడ్జెట్‌లో డబ్బు ఉందా అన్నది వార్డుల వారీగా అడగాల్సిన ప్రశ్న.