కొండ దిగితే... క్లచ్‌ మారాలి!

ఎనిమిది వేల అడుగుల ఎత్తున కొండ మంచును చీల్చుకుంటూ దూసుకెళ్లిన బండే... మైదానంలోకి వస్తే గొంతు చించుకుని అరుస్తుంది తప్ప ముందుకు లాగదు. తప్పు ఇంజన్‌ది కాదు, గాలిది. సరిచేయాల్సింది మాత్రం క్లచ్‌లోని కొన్ని గ్రాముల లోహాన్ని!

గుల్మార్గ్‌కో మనాలీకో వెళ్లొచ్చినవాళ్ల ఫొటోలు చూడండి. మందపాటి కోటు, నల్ల కళ్లద్దాలు, మంచు మీద స్కూటర్‌లాంటి బండి... అలాంటిది ఒక్కటైనా కనిపిస్తుంది. అక్కడివాళ్లు దాన్ని ‘స్నో స్కూటర్‌’ అంటారు. అసలు పేరు స్నోమొబైల్‌. ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకు బదులు పళ్లున్న రబ్బరు పట్టా. మనకది పది నిమిషాల సరదా. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ అయితే అది శీతాకాలపు జీవితంలో భాగం. ఒక్క మిన్నెసోటాలోనే స్నోమొబైళ్ల కోసం 20 వేల మైళ్లకు పైగా దారులున్నాయి.

కొత్త బండి ఖరీదెక్కువ. అందుకే చాలామంది చూపు వాడిన బళ్ల మీదే. పడమటి కొండ రాష్ట్రాలైన మోంటానా, వయోమింగ్‌లలో తిరిగిన బండి కాస్త చవగ్గా దొరికిందనుకోండి, ట్రక్కులో వేసుకుని మైదానానికి తెచ్చేసుకుంటారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. మోంటానాలోని వెస్ట్‌ ఎల్లోస్టోన్‌ ఊరు 6,666 అడుగుల ఎత్తున ఉంది. చుట్టూ కొండలెక్కితే ఎనిమిది, తొమ్మిది వేలు దాటుతుంది. మిన్నెసోటాలో పొలారిస్‌ స్నోమొబైళ్లు పుట్టిన రోసో పట్టణం ఎత్తు వెయ్యి అడుగులకు కాస్త ఎక్కువ, అంతే. ఈ తేడా బండికి తెలుస్తుంది. నడిపేవాడికి తెలియకపోతే జేబుకు తెలుస్తుంది!

గాలే బలం

ఇంజన్‌కు పెట్రోలు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ప్రతి వెయ్యి అడుగులకూ ఇంజన్‌ బలం సుమారు 3 శాతం తగ్గుతుందన్నది అందరూ వాడే లెక్క. సముద్ర మట్టం దగ్గర 160 హార్స్‌పవర్‌ ఇచ్చే ఇంజన్‌ 8 వేల అడుగుల ఎత్తున 125 దగ్గరే ఆగిపోతుంది.

దీన్నే తిరగేసి చూడండి. 8 వేల అడుగుల నుంచి వెయ్యి అడుగులకు దిగితే, అదే సిలిండర్‌లోకి దాదాపు 23 శాతం ఎక్కువ గాలి వెళ్తుంది. పైసా ఖర్చు లేకుండా వచ్చిన బలమది. చలి కూడా దీనికి తోడవుతుంది. సున్నా డిగ్రీల గాలికన్నా మైనస్‌ 20 డిగ్రీల గాలి 8 శాతం దాకా చిక్కగా ఉంటుంది. అంటే చలి ముదిరిన రోజున గడ్డకట్టిన సరస్సు మీద ఆ ఇంజన్‌ అంతకుముందెన్నడూ లేనంత బలంతో ఉంటుంది.

మరి బలం పెరిగితే సంతోషించాలిగానీ బాధెందుకు? ఆ బలాన్ని పట్టా దాకా మోసుకెళ్లాల్సిన క్లచ్‌ కొండ లెక్కలోనే ఉండిపోయింది కాబట్టి!

మన స్కూటర్‌లో ఉన్నదే!

స్నోమొబైల్‌లో మార్చాల్సిన గేర్లుండవు. ఇందులో ఉన్నది మన ఇళ్ల ముందుండే గేర్లు లేని స్కూటర్లలోని ఏర్పాటే. ఒకప్పటి కైనెటిక్‌ హోండాలోనూ ఇప్పటి యాక్టివాలోనూ రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక బెల్టు ఉంటాయి. మెకానిక్‌లు ‘వేరియేటర్‌’ అనేది దీన్లోని ముందు పుల్లీనే. స్నోమొబైల్‌లో ఆ రెండు పుల్లీలనూ రెండు క్లచ్‌లంటారు.

మొదటిది ఇంజన్‌కు బిగించి ఉంటుంది. దాన్లో ఒక స్ప్రింగు, కీలు మీద కదిలే చిన్న చిన్న వెయిట్లు ఉంటాయి. ఇంజన్‌ వేగం పుంజుకునేకొద్దీ ఆ వెయిట్లు బయటికి విసురుకుంటాయి, వడిసెల తిప్పితే రాయి బయటికి లాగినట్టు. ఆ తోపుడుకు పుల్లీ రెండు బిళ్లలూ దగ్గరకొస్తాయి. మధ్యలో ఉన్న బెల్టు అంచు వైపు ఎగబాకుతుంది. అదే సమయంలో రెండో పుల్లీ బిళ్లలు విడిపోయి బెల్టు లోపలికి దిగుతుంది. చిన్న గేరు నుంచి పెద్ద గేరుకు మారినట్టే, కాకపోతే కుదుపు ఉండదు.

ఇక్కడో కిటుకుంది. యాక్సిలరేటర్‌ పూర్తిగా నొక్కిపట్టినప్పుడు ఇంజన్‌ ఎంత వేగంతో తిరగాలన్నది నిర్ణయించేది క్లచ్‌. వెయిట్లు తేలికగా ఉంటే బెల్టును పైకి నెట్టడానికి వాటికి ఇంకా ఎక్కువ వేగం కావాలి. ఇంజన్‌ పిచ్చిగా తిరుగుతుంది. బరువుగా ఉంటే తక్కువ వేగానికే బెల్టును ఎక్కించేస్తాయి. ఇంజన్‌ మూలుగుతుంది.

స్నోమొబైళ్లలో ఎక్కువగా వాడే టూస్ట్రోక్‌ ఇంజన్లకు మధ్యేమార్గం తెలియదు. సైలెన్సర్‌ పైపు ఆకారం ఒక నిర్దిష్ట వేగానికి కుదిర్చి ఉంటుంది. చాలా 850 సీసీ ఇంజన్లకు అది 8,000 ఆర్‌పీఎంకు అటూఇటూ. దాన్ని కొన్ని వందలు దాటితే బలం జారిపోతుంది. కొన్ని వందలు తగ్గినా అంతే. క్లచ్‌ ట్యూనింగ్‌ అంటే అంతా కలిపి ఒకటే... పరుగు మొదట్నుంచి చివరిదాకా ఇంజన్‌ను ఆ ఒక్క అంకె దగ్గర నిలబెట్టడం!

గ్రాముల లెక్క

కొండ మీద ఇంజన్‌ బలం తక్కువ. అందుకని అక్కడి బళ్లకు తేలిక వెయిట్లు వేస్తారు. ఆ బండి మైదానానికి దిగి బలం పుంజుకున్నాక ఆ వెయిట్లు దాన్ని పట్టి ఆపలేవు. ముల్లు 8,000 దాటి పైకి పోతుంది, చెవులు చిల్లులు పడే శబ్దం వస్తుంది, పెట్రోలు ఆవిరవుతుంది. వేగం మాత్రం పెరగదు. బెల్టు, బేరింగులు, పిస్టన్లు ఆ అదనపు తిరుగుడు భారాన్ని మోస్తాయి.

మందు తేలికే. బరువైన వెయిట్లు వేయాలి. పొలారిస్‌ తరహా క్లచ్‌లో మూడు వెయిట్లుంటాయి. సముద్ర మట్టానికీ పది వేల అడుగులకూ వేయాల్సినవాటి మధ్య ఒక్కోదాన్లో ఎనిమిది పది గ్రాముల దాకా తేడా ఉండటమూ మామూలే. గ్రాము పెంచితే స్థూలంగా 100 నుంచి 200 ఆర్‌పీఎం తగ్గుతుంది. బండిని బట్టి ఇది మారుతుంది. స్కీ-డూ క్లచ్‌లలో మరో సదుపాయం ఉంది. స్క్రూలాంటి ‘క్లిక్కర్‌’ను ఒక అంకె తిప్పితే గరిష్ఠ వేగం దాదాపు 200 ఆర్‌పీఎం మారుతుంది. మూడింటినీ ఒకే అంకె మీద ఉంచాలన్నది నియమం. కొండ దిగినప్పుడు అంకె తగ్గించాలి.

ఇవన్నీ ఊహించి వేయక్కర్లేదు. ఎంత ఎత్తుకు ఏ వెయిట్‌, ఏ స్ప్రింగు వాడాలో కంపెనీలే పట్టిక ఇస్తాయి. బండితో వచ్చిన పుస్తకంలోనో క్లచ్‌ కవరు మీది స్టిక్కర్‌లోనో అది ఉంటుంది. వాడిన బండి కొన్నవాళ్లు మొదట చదవాల్సింది దాన్నే. తర్వాత క్లచ్‌ విప్పించి, లోపలున్న వెయిట్‌ మీది నంబరును పట్టికతో పోల్చుకోవాలి. ఎందుకంటే పాత యజమాని ఏం వేశాడో బయట నుంచి చూస్తే తెలియదు.

వెయిట్ల తర్వాత స్ప్రింగు. దానికి 120/340 తరహాలో రెండంకెలుంటాయి. మొదటిది, బండి ఏ వేగం దగ్గర కదలడం మొదలెట్టాలో చెబుతుంది. రెండోది, పూర్తి వేగంలో వెయిట్లకు ఎంత ఎదురు నిలవాలో చెబుతుంది. ఇక రెండో క్లచ్‌లో ‘హెలిక్స్‌’ అనే ఏటవాలు మెట్టు ఉంటుంది. దాని కోణం నిటారుగా ఉంటే బండి తొందరగా పెద్ద గేరుకు వెళ్తుంది. వాలుగా ఉంటే మలుపులో వేగం తగ్గించి మళ్లీ అందుకునేటప్పుడు చిన్న గేరుకు చటుక్కున దిగుతుంది. అడవి దారుల్లో తిరిగేవాళ్లకు కావాల్సింది ఈ రెండో గుణమే.

ఒకసారికి ఒకటే!

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఇది. ముందు పుల్లీలను శుభ్రం చేసి, బెల్టు బిగువూ రెండు క్లచ్‌ల వరసా సరిచూస్తారు. అరిగిన బెల్టుతో ఎంత ట్యూన్‌ చేసినా లెక్క తప్పుతుంది. తర్వాత బండిని బాగా వేడెక్కనిచ్చి, ఖాళీగా ఉన్న సురక్షితమైన చోట పూర్తి యాక్సిలరేటర్‌తో పరుగు తీయించి, ముల్లు ఎక్కడ నిలబడిందో రాసుకుంటారు. ఎక్కువుంటే బరువు పెంచుతారు, తక్కువుంటే తగ్గిస్తారు. ఒకసారికి ఒక్కటే మారుస్తారు. వెయిటూ స్ప్రింగూ కలిపి మార్చేస్తే దేనివల్ల ఏమైందో తెలియదు.

క్లచ్‌ చెప్పే కబుర్లు మరికొన్ని ఉన్నాయి. పుల్లీ లోపలి ముఖం మీద మధ్య నుంచి అంచుదాకా మార్కర్‌ పెన్నుతో ఒక గీత గీసి ఒక పరుగు తీయిస్తే, బెల్టు ఎంతవరకు ఎక్కిందో అంతవరకు గీత చెరిగిపోతుంది. పరుగవ్వగానే ఇంజన్‌ ఆపి పుల్లీని తాకి చూడటం మరో పరీక్ష. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందంటే బెల్టు జారుతోందన్నమాట. ఆ బెల్టు ఎక్కువ రోజులు బతకదు. కొత్తది కొనాలంటే 150 డాలర్ల పైమాటే.

క్లచ్‌ ఒక్కటే చాలదు

కొండ బండి మైదానానికొస్తే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. క్లచ్‌ తప్పితే డబ్బు వృథా. ఇది తప్పితే ఇంజనే పోతుంది! పాత కార్బొరేటర్‌ బళ్లకు ఎత్తులో గాలి తక్కువ కాబట్టి పెట్రోలు తక్కువ వదిలే చిన్న జెట్లు వేస్తారు. వాటితోనే కిందికి దిగితే గాలి పెరుగుతుంది, దానికి తగ్గ పెట్రోలు అందదు. టూస్ట్రోక్‌ ఇంజన్‌కు పెట్రోలే చల్లదనం, అందులో కలిసిన ఆయిలే కందెన. అవి చాలకపోతే పిస్టన్‌ నెత్తి కరిగి రంధ్రం పడుతుంది. అందుకే దిగగానే పెద్ద జెట్లు వేయాలి. ఫ్యూయల్‌ ఇంజెక్షన్‌ బళ్లలో గాలి ఒత్తిడిని సెన్సర్‌ కొలిచి పెట్రోలును తనే సర్దుకుంటుంది. కానీ ఏ సెన్సరూ క్లచ్‌లో వెయిట్లు మార్చలేదు!

పెట్రోలు రకమూ చూసుకోవాలి. రాకీ పర్వత రాష్ట్రాల బంకుల్లో 85 ఆక్టేన్‌ పెట్రోలు అమ్ముతారు. పలచటి గాలిలో సర్దుకుపోయే ఆ పెట్రోలు, కింద చిక్కటి గాలిలో సమయానికి ముందే భగ్గుమని పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. కొందరు ఎత్తు కోసమని సిలిండర్‌ హెడ్‌ను అరగదీసి కంప్రెషన్‌ పెంచుకుంటారు. అలాంటి బండి కొంటే పాత కొలత హెడ్‌ తిరిగి వేయించేదాకా మైదానంలో పూర్తి యాక్సిలరేటర్‌ ఇవ్వకపోవడమే మంచిది.

మూడోది వేడి. స్నోమొబైల్‌ ఇంజన్‌ను చల్లబరిచేది పట్టా ఎగజిమ్మే మంచే. కొండ మీద లోతైన పొడి మంచు బోలెడు. గట్టిపడిన దారిమీదా సరస్సు ఐసు మీదా ఎగిరే మంచే ఉండదు. ఇంజన్‌ వేడెక్కుతుంది, పట్టా జారే ప్లాస్టిక్‌ పట్టీలు కరుగుతాయి. అందుకని మంచును గీకి పైకి లేపే ‘ఐస్‌ స్క్రాచర్లు’ బిగించుకుంటారు. కొండ బళ్ల చెయిన్‌ గేరు కూడా బలం కోసం చిన్నదిగా ఉంటుంది. మైదానంలో అసలు వేగం రాకముందే క్లచ్‌ చివరికంటా వెళ్లిపోతుంది. అప్పుడు ఎంత బరువు వెయిట్లు వేసినా లాభం లేదు, చెయిన్‌ చక్రం మార్చాల్సిందే.

ఎత్తుతో వచ్చే ఈ తంటాకు కంపెనీలు వెతికిన జవాబుల్లో టర్బో ఒకటి. స్కీ-డూ 2020లో తెచ్చిన 850 టర్బో ఇంజన్‌ 8 వేల అడుగుల దాకా మైదానపు బలాన్నే నిలబెడుతుంది. పలచటి గాలిని టర్బో కుక్కి చిక్కబరుస్తుంది మరి!

వేగానికి హద్దు

ఇంతా చేసి ఎంత వేగంగా వెళ్లొచ్చు? మిన్నెసోటాలో ప్రజా మార్గాలు, సరస్సుల మీద పరిమితి గంటకు 50 మైళ్లే. పూర్తి వేగపు పరీక్షలకు క్లబ్బులు నిర్వహించే పోటీ మైదానాలే సరైన చోటు. మరి ట్యూనింగ్‌ ఎందుకంటే... ఎంత వేగం వెళ్లినా బెల్టు నిలవాలి, పెట్రోలు మిగలాలి, మలుపు తిరిగాక బండి తడబడకూడదు.

కంపెనీలవాళ్లు, అనుభవజ్ఞులు పదేపదే చెప్పే జాగ్రత్తలు కొన్ని...

• క్లచ్‌ కవరు తీసి ఇంజన్‌ నడపొద్దు. తెగిన బెల్టు ముక్క తుపాకి గుండులా వస్తుంది.

• క్లచ్‌ లోపలి స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది. మూత బోల్టులను ఒకటొకటే పూర్తిగా విప్పేయకుండా, అన్నింటినీ సమంగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. అలవాటు లేకపోతే మెకానిక్‌కే వదిలేయాలి.

• సరస్సు మీదికి వెళ్లే ముందు ఐసు మందం కొలవాలి. స్నోమొబైల్‌కు కనీసం 5 నుంచి 7 అంగుళాల గట్టి ఐసు ఉండాలన్నది మిన్నెసోటా అధికారుల సూచన.

• విడి బెల్టు లేకుండా బయల్దేరొద్దు.

ఆ చివరి మాట వెనక పెద్ద భయమే ఉంది. కెనడాలోని క్యుబెక్‌కు చెందిన జోసెఫ్‌ ఆర్మండ్‌ బొంబార్డియర్‌ 1934 శీతాకాలంలో రెండేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. దారులన్నీ మంచులో మునిగి, బిడ్డను ఆసుపత్రికి చేర్చలేకపోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే తపిస్తున్న ఆ మెకానిక్‌ 1937లో దాని పట్టా ఏర్పాటుకు పేటెంట్‌ పొందాడు. 1959లో స్కీ-డూ తెచ్చాడు. ఇవాళ సరదాకి తిరిగే బండి పుట్టింది మంచులో ఎవరూ చిక్కుకుపోకూడదనే. మైనస్‌ 20 డిగ్రీల చలిలో, ఊరికి ఇరవై మైళ్ల దూరంలో బెల్టు తెగిన బండి పక్కన నిలబడినవాడు మళ్లీ 1934లో ఉన్నట్టే. అక్కడిదాకా రాకుండా చూసేవి... ఊళ్లో ఉండగానే మార్చుకున్న ఆ కొన్ని గ్రాములే!