ఫిర్యాదు మూసివేశారు, తప్పు సరి అయినదా?



మన సంఘాలలో పాల తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., బిల్లు లెక్క చాలాచోట్ల కంప్యూటరు మీదనే జరుగుతున్నవి. యంత్రం చెడిపోతే మెకానిక్కు వస్తాడు. కాని లోపల లెక్క కట్టే ప్రోగ్రాము తప్పు చేస్తే ఆ ఫిర్యాదు ఎక్కడికి పోతుంది, జవాబు ఎలా తిరిగి వస్తుంది అనేది చాలామందికి తెలియదు. నేను తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో జరిగిన సంగతితో దీనిని వివరిస్తాను.

ఆ ఊళ్లో సాయంత్రం పాలు పోసే వేళ తరచు కరెంటు పోయేది. కరెంటు పోవడానికి కాస్త ముందు పోసిన పాలకు చీటీ వచ్చేది గాని, ఆ పాలు బిల్లులో చేరేవి కావు. ఒక సభ్యురాలు తన చీటీలన్నీ దారానికి గుచ్చి దాచుకున్నది. ఆమె లెక్క చూసుకొనగా రెండు పూటల పాలు, మొత్తం 11 లీటర్లు, బిల్లులో లేవని తేలింది. కార్యదర్శి ప్రోగ్రాము ఇచ్చిన కంపెనీకి ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నారు. 12 రోజులకు “మీ ఫిర్యాదు పరిష్కరించబడినది” అని సందేశం వచ్చింది. తరువాతి బిల్లులో మళ్లీ అదే తప్పు!

కంపెనీలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. జరిగినది తెలియాలంటే వారి పని పద్ధతి తెలియాలి.

ఇటువంటి కంపెనీలలో రెండు రిజిస్టర్లు ఉంటాయి. మొదటిది వినియోగదారుల రిజిస్టరు. ఎవరు ఫోను చేశారు, ఏమి చెప్పారు, ఏమి జవాబిచ్చారు అన్నవి ఇందులో ఉంటాయి. దీనిని సి.ఆర్.ఎం. అంటారు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1999లో స్థాపించిన సేల్స్‌ఫోర్స్ ఈ రంగంలో పేరు పొందినది. రెండవది ప్రోగ్రాము రాసేవారి పనుల రిజిస్టరు. ఏ తప్పు దిద్దాలి, ఎవరు దిద్దుతున్నారు అన్నవి ఇందులో ఉంటాయి. ఆస్ట్రేలియా కంపెనీ అట్లాసియన్ 2002లో తెచ్చిన జిరా, 2008లో మొదలైన గిట్‌హబ్ ఈ పనికి విరివిగా వాడుతున్నారు. హైదరాబాదులో ఈ రిజిస్టర్ల మీద పని చేసేవారిలో మీ ఊరి పిల్లలు కూడా ఉండవచ్చు.

ఒక రిజిస్టరులోనిది రెండవ దానిలోకి మనిషి చేతితో ఎక్కిస్తే ఆలస్యం, మరుపు, తప్పు రాత తప్పవు. అందుచేత రెండింటి నడుమ కంప్యూటరు వారధి వేస్తారు. ప్రతి రిజిస్టరుకూ ఎ.పి.ఐ. అనే కిటికీ ఉంటుంది. అనుమతి ఉన్న వేరొక ప్రోగ్రాము ఆ కిటికీ ద్వారా వివరాలు ఇచ్చి పుచ్చుకుంటుంది. వెబ్‌హుక్ అనేది మరొక సదుపాయం. పాల వ్యాను వచ్చిందా అని మాటిమాటికి రోడ్డు మీదికి వెళ్లి చూడనక్కరలేకుండా, వ్యానే వచ్చి హారన్ మోగించినట్లు, పని జరిగిన వెంటనే కబురు దానంతట అదే వస్తుంది. ప్రోగ్రాము రాయడం తెలియనివారు కూడా “ఇది జరిగితే అది చేయి” అని నియమం పెట్టుకునే వీలు జేపియర్ వంటి సేవలు కల్పిస్తున్నవి.

ఈ వారధి వేసేవారు మూడు జాగ్రత్తలు పాటించవలెను.

మొదటిది, నంబరు. కబురు అందినట్లు జవాబు రాకపోతే పంపిన యంత్రం మళ్లీ పంపవచ్చు. ప్రతి ఫిర్యాదుకు ఒకే నంబరు రెండు రిజిస్టర్లలోనూ ఉంటే, ఇది పాతదేనని తెలుస్తుంది. లేకపోతే ఒకే ఫిర్యాదు రెండు పనులుగా నమోదవుతుంది.

రెండవది, గోప్యత. తప్పు దిద్దేవారికి యంత్రం నంబరు, ప్రోగ్రాము వెర్షను, తేదీ, సమయం ఉంటే సాధారణంగా చాలును. సభ్యుల బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు వారికి అనవసరం. వ్యక్తిగత వివరాల రక్షణకు మన దేశంలో 2023లో చట్టం కూడా వచ్చినది.

మూడవది, “మూసివేయడం” అనే మాటకు అర్థం. ఉదాహరణకు గిట్‌హబ్‌లో, ప్రోగ్రాము రాసేవారు తమ సవరణతో పాటు “ఈ నంబరు తప్పు దిద్దబడినది” అని నిర్ణీత పద్ధతిలో రాస్తే, ఆ సవరణ ప్రధాన ప్రోగ్రాములో కలిసిన వెంటనే ఆ పని దానంతట అదే మూసుకుంటుంది. అంటే సవరణ రాయడం పూర్తి అయినదని అర్థం. అది మన సంఘంలోని యంత్రానికి చేరినదని కాదు.

మనం చెప్పుకున్న సంఘం విషయంలో జరిగినది ఇటువంటిదే. పనుల రిజిస్టరులో పని మూసివేయగానే వారధి ఆ కబురును వినియోగదారుల రిజిస్టరుకు చేరవేసింది. అక్కడినుంచి కార్యదర్శికి సందేశం పోయింది. సవరించిన ప్రోగ్రాము మాత్రం సంఘానికి రాలేదు. నడుమ “సవరణ సిద్ధం, యంత్రంలో వేయవలసి ఉన్నది” అనే మెట్టు ఒకటి పెట్టి, సంఘం సరేనన్న తరువాతనే ఫిర్యాదు మూసివేస్తే ఈ పొరపాటు జరగదు.

చివరకు కార్యదర్శి పాత నంబరు చెప్పి మళ్లీ అడిగారు. వెర్షను పాతదేనని తేలింది. కొత్తది వేయించి, పాలు తూచే నడుమ కరెంటు ఆపి పరీక్షించారు. చీటీ, బిల్లు సరిపోయినవి. చీటీలు చూపిన సభ్యులకు రావలసిన బకాయి చెల్లించుటకు పాలకవర్గం తీర్మానించింది. చీటీలు పారవేసినవారు మాత్రం తమ నష్టం రుజువు చేసుకోలేకపోయారు.

కనుక సంఘాలు ఈ క్రిందివి పాటించగలరు:

1. ప్రోగ్రాము ఫిర్యాదులకు వేరే పుస్తకం పెట్టి నంబరు, తేదీ, వెర్షను రాయాలి.

2. “పరిష్కరించబడినది” అని సందేశం వస్తే, కొత్త వెర్షను వేశారా అని అడిగి, స్వయంగా పరీక్షించిన తరువాతనే ఒప్పుకోవాలి.

3. ప్రతి సభ్యుడు, సభ్యురాలు బిల్లు సరిచూసుకొనేవరకు చీటీలు దాచుకోవాలి.

4. పరిష్కారం కాని ఫిర్యాదులను పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించాలి.

ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకంతో పాటు ఈ ఫిర్యాదు పుస్తకం కూడా చూపవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాను.

— సహకార ఇన్‌స్పెక్టరు