ముల్లుకు అందని అదురు

పల్నాడు నేల కింద చాలా మేర సున్నపురాయే. మాచర్ల నాపరాళ్లకూ, పిడుగురాళ్ల సున్నానికీ, ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకూ అదే ఆధారం. క్వారీలో మందు పేల్చినప్పుడు దగ్గరి ఊళ్లలో నేల అదురుతుంది. అది ఎంతవరకు ఉండొచ్చో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో హద్దు పెట్టింది. మామూలు ఇళ్ల దగ్గర, సెకనుకు 8 సార్ల లోపు ఊగే అదురు వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. గోడలు పగలకుండా పెట్టిన హద్దు ఇది. 8 సార్ల దగ్గర లెక్క వేస్తే నేల ఒక్కో వైపుకు దాదాపు 100 మైక్రాన్లు జరిగినట్టు. పాటల ఎల్పీ రికార్డు మీద ముల్లు నడిచే గాడి వెడల్పు సుమారుగా అందులో సగం. మెల్లగా పాడిన చోట ఆ గాడి వంపు ఒక్క మైక్రాను కూడా ఉండదు. గోడను ఏమీ చేయని అదురు రికార్డు ముల్లుకు కొండంత.

పాత గ్రామఫోనుకు ఈ బాధ పెద్దగా లేదు. ‘పల్నాటి యుద్ధం’ సినిమా వచ్చిన 1947లో రికార్డులంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క పళ్లేలే. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనులో ఇనుప ముల్లు మీద 100 గ్రాములకు పైగా బరువు పడేది. గాడి వెడల్పుగా ఉండేది, శబ్దాన్ని పెంచే కరెంటు పరికరమేదీ లేదు. పక్కన ఎవరు నడిచినా పాట సాగిపోయేది. 1948 జూన్‌లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీని తెచ్చింది. చుట్లు నిమిషానికి 33⅓కి తగ్గాయి, గాడి మూడో వంతుకు సన్నబడింది. ముల్లు మీద బరువు క్రమంగా తగ్గి 2 గ్రాముల దరిదాపులకు వచ్చింది. రికార్డు అరగకుండా ఉండాలంటే అంత తేలిక కావాల్సిందే. అయితే ముల్లు తేలికయ్యే కొద్దీ ఇంటి నేల కూడా యంత్రంలో భాగమైపోయింది.

ఎందుకంటే ముల్లుకు పాటేదో, అదురేదో తెలియదు. ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ కొలిచేది ఒక్కటే: తన ఒంటితో పోలిస్తే ముల్లు ఎంత కదిలిందని. గాడి ముల్లును కదిపినా, బల్ల అదిరి రికార్డు కదిలినా దానికి రెండూ శబ్దమే. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్ర ధ్వనులను తగ్గించి చెక్కుతారు, వినేటప్పుడు యాంప్లిఫయర్ వాటిని తిరిగి పెంచుతుంది. 20 హెర్ట్జ్ (సెకనుకు 20 ఊపులు) దగ్గర ఆ పెంపు 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 9 రెట్లకు పైనే. అదురు సాధారణంగా వచ్చేది ఆ కింది శ్రుతుల్లోనే. స్పీకరు కూడా అదే బల్ల మీద ఉంటే దాని అదురు ముల్లులోకి వెళ్లి, పెరిగి, మళ్లీ స్పీకరులోకి వచ్చి, ఆఖరికి పాట పోయి హోరు మిగులుతుంది.

దీనికి దారి చూపినవాడు ఎడ్గర్ విల్చర్. చిన్న పెట్టెలోంచి లోతైన మంద్ర ధ్వని పలికించే స్పీకరును 1954లో తెచ్చింది ఆయనే. 1961లో ఆయన ఏఆర్ కంపెనీ నుంచి ఒక టర్న్‌టేబుల్ వచ్చింది. అందులో రికార్డు తిరిగే పళ్లేన్నీ, ముల్లును మోసే చేతినీ ఒకే లోహపు చట్రానికి బిగించారు. ఆ చట్రం మూడు స్ప్రింగుల మీద వేలాడుతుంది. మోటారు మాత్రం పైపలకకే ఉండిపోయింది. మోటారుకూ పళ్లేనికీ నడుమ రబ్బరు బెల్టు ఒక్కటే బంధం. పళ్లెం, చెయ్యి కలిసే కదులుతాయి కాబట్టి చట్రం ఊగినా ముల్లుకు గాడిలో తేడా దాదాపు తెలియదు.

స్ప్రింగు అదురును ఆపే తీరు బావిలో చేంతాడుకు వేలాడే బొక్కెనలో కనిపిస్తుంది. చేతిని నెమ్మదిగా పక్కకు జరిపితే బొక్కెన వెంట వస్తుంది, గబగబా ఆడిస్తే ఉన్నచోటే ఉంటుంది. సెకనుకు 3 సార్లు ఊగే స్ప్రింగు చట్రానికి 30 హెర్ట్జ్ అదురు తగిలితే నూరింట ఒక వంతే పైకి వెళ్తుంది. సెకనుకు 2 సార్లు తగిలే అదురు తగ్గకపోగా పెరుగుతుంది. మనిషి నడిస్తే అడుగులు పడేది దాదాపు ఆ వేగంతోనే. అందుకే చెక్క నేల ఇళ్లలో స్ప్రింగు టర్న్‌టేబుల్ పక్కన నడిస్తే ముల్లు ఎగిరిపడుతుందని ఫిర్యాదు. అక్కడివాళ్లు దాన్ని గోడకు కొట్టిన అర మీదికి ఎక్కిస్తారు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఇంకో దారి పట్టింది: స్ప్రింగు చట్రం లేదు, బరువైన ఒళ్లు, అదురు మింగే కాళ్లు.

పల్నాడు ఇంట్లో లెక్క వేరు. మట్టి దిమ్మిస కొట్టి నేల మీదే నాపరాళ్లు పరిచిన గదిలో అడుగు వేస్తే నేల ఊగదు. నెమ్మది అదురు సంగతి నేలే చూసుకుంటుంది, వేగమైనదాన్ని స్ప్రింగు చూసుకుంటుంది. మేడ మీద శ్లాబు నడిమధ్యన ఈ వెసులుబాటు ఉండదు, గోడ మొదట్లో పెట్టడం మేలు. పాత మందపాటి రాతి గోడలో గూడు తగినంత పెద్దదైతే అంతకన్నా మంచి చోటు లేదు.

స్ప్రింగు లేని ప్లేయర్‌కు చౌక ఉపాయం ఉంది. అడుగున్నర చదరం, అంగుళం మందం నాపరాయి సుమారు 14 కిలోలు తూగుతుంది. చిన్న చక్రం ట్యూబులో సగం గాలి కొట్టి, రాయిని దాని మీద పెట్టి, పైన ప్లేయర్‌ను ఉంచాలి. రాయి ఒక్కటే అదురును ఆపదు. బరువూ మెత్తదనమూ రెండూ ఉంటేనే ఊపు నెమ్మదిస్తుంది. ట్యూబు పూర్తిగా అణిగి రాయి బల్లకు తగిలితే ప్రయోజనం సున్నా. ముల్లూ చెయ్యీ సహజంగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఊగుతాయి. కింది ఊపు దానికి బాగా తక్కువగా, 3, 4 హెర్ట్జ్‌లో ఉండాలి. ట్యూబులో గాలి ఎక్కువైతే ఆ రెండూ దగ్గరపడి పరిస్థితి ఇంకా చెడుతుంది.

పని చేసిందో లేదో చూడటం తేలిక. మోటారు ఆపి, ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు దించి, శబ్దం కొద్దిగా పెంచి, బల్లను వేలితో తట్టాలి. స్పీకరులో దబ్బుమంటే గాలి ఇంకాస్త తీయాలి. క్వారీ పేలుడును మాత్రం ఇంట్లో చేసే ఏ ఏర్పాటూ పూర్తిగా ఆపలేదు. పేల్చే వేళ తెలుసు గనక, అప్పుడు ముల్లు ఎత్తి పెట్టుకోవడమే.