గడియారం మీద అడుగు

ఎవరైనా మీదికి దూసుకొస్తే మనమేం చేస్తాం? బిక్కచచ్చి తిన్నగా వెనక్కి నడుస్తాం. కిందటేడు సందులో నేనూ అంతే, గోడకు చిక్కాను. మెళ్లో గొలుసు పోయింది.

ఆ తర్వాతే కెన్పో కరాటే గురించి చదివాను. 1956లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో శిక్షణశాల తెరిచిన ఎడ్ పార్కర్, నేలమీద పెద్ద గడియారాన్ని ఊహించుకోమనేవారు. మధ్యలో మీరు. 12 అంకె వైపునుంచి వాడు. 6 వైపు జరిగితే వాడొచ్చే గీతమీదే ఉంటారు. 4, 5 అంకెల మధ్యకో, 7, 8 మధ్యకో ఏటవాలుగా అడుగేస్తే గీత తప్పుతారు. వృత్తం, త్రిభుజం, చతురస్రం... ఆయనకు అన్నీ కదలికకు దారులే.

ముగ్గులేసే చేతులకు గీతలు కొత్తా? ఇప్పుడు వాకిట్లో మా అమ్మాయీ, నేనూ ఆ అడుగులే వేస్తున్నాం. గొలుసు కోసం పోట్లాడ్డానికి కాదు సుమా, తప్పుకుని బయటపడ్డానికి!