మాటకు ముందున్న ఊహ

వాగర్థాలు విడదీయరానివని మన ఆలంకారికుల మతం. ఐన్‌స్టైన్ అనుభవం వేరు. గెస్టాల్ట్ మనస్తత్త్వ శాస్త్రానికి ఆద్యుడైన మాక్స్ వెర్థైమర్ 1916 మొదలు బెర్లిన్‌లో ఆయన చెంత గంటల తరబడి కూర్చుండి, సాపేక్ష సిద్ధాంతం పుట్టిన తీరును అడిగి తెలిసికొన్నాడు. తన ఊహలు మాటలుగా రావడం అరుదనీ, మాటలు పిమ్మట వెదకుకొన్నవేననీ ఐన్‌స్టైన్ చెప్పినాడు. ఆలోచన విడి అంశాల కూడిక కాదు, సమగ్రరూప దర్శనమన్న వెర్థైమర్ వాదానికి ఇది ఊతమైనది.

వెర్థైమర్ 1943లో మరణించగా, ఈ సంభాషణల సారం 1945లో గ్రంథస్థమైనది. అయితే ఆ కథను ఆయన తన సిద్ధాంతానికి అనువుగా మలచుకొన్నాడని విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు ఆర్థర్ మిల్లర్ 1975లో ఆక్షేపించినాడు.

అనువాదకులమైన మనకు రెండూ పాఠాలే: మాటను దాటి ఊహను పట్టుకొనవలె, పట్టుకొన్నది మూలకర్త ఊహయో, మన ఊహయో పరీక్షించుకొనవలె.