ఎంత ఇల్లయితే మనకి చాలు?

'ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం' అని మనకో సామెత ఉంది. ఇరుకింట్లో కాపురం చేసే మగవాడి అవస్థ చెప్పడానికి పుట్టిన సామెత అది. ఆ ఇరుకింట్లోనే పొద్దున్న అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా మసిలే ఆలి అవస్థ చెప్పే సామెత మాత్రం నేనెక్కడా వినలేదు. ఇల్లు కొనాలన్నా, కట్టాలన్నా మన ఇళ్ళల్లో జరిగేది ఇదే. డబ్బు లెక్కలు మగవారు చూస్తారు. దిక్కులు సిద్ధాంతిగారు చూస్తారు. గోడలెక్కడ లేపాలో మేస్త్రి చెబుతాడు. రోజంతా అందులో తిరగాల్సిన మనిషిని మాత్రం ఆఖర్న పిలిచి, "కర్టెన్లు ఏ రంగువి వేద్దాం?" అని అడుగుతారు.

ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్న చర్చ కూడా ఇల్లు గురించే. విజయవాడలో రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఉంటున్నాం. పత్రాల్లో 1,050 చదరపు అడుగులు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్యగారు. అమ్మాయి తొమ్మిదో తరగతికొచ్చింది, దానికో గది కావాలి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. 1,650 అడుగుల మూడు పడగ్గదుల ఫ్లాట్ కొందామని మావారు. "అందరూ పెద్దవి కొనుక్కుంటున్నారు, మనమే ఇలా ఉండిపోయాం" అన్నది ఆయన బాధ. ఎన్ని అడుగులన్నది కాదు, ఆ అడుగులు ఎక్కడెక్కడ ఉన్నాయన్నది ముఖ్యమని నా పట్టు.

మండువాలో ఎవరి చోటు ఎంత?

పెద్ద ఇల్లంటే నాకు అయిష్టమేమీ లేదు. కోనసీమలో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉండేది. మధ్యలో ఆకాశం. వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోకి ధారలు కట్టేవి. వేసవిలో మిట్టమధ్యాహ్నం కూడా పంచలో చాప వేసుకుని పడుకుంటే చల్లగా ఉండేది. వేడిగాలి మండువాలోంచి పైకి పోతుంటే, చుట్టూ గదుల్లోంచి గాలి ఆడేది. కరెంటు లేని రోజుల్లో మనవాళ్ళు చేసుకున్న ఏర్పాటది. తెలంగాణలో ఇదే తరహా లోగిలిని భవంతి అంటారు. రాయలసీమ వైపు మట్టి మిద్దెలు, వాటికి పైన వెలుతురు కోసం గవాక్షాలు. ఎక్కడి ఎండకి అక్కడి ఇల్లు. కడప బండలు, తాండూరు బండలు, బేతంచర్ల బండలు... ఎక్కడి నేలకి అక్కడి రాయి.

అయితే ఆ ఇళ్ళని తలచుకుని మురిసిపోయేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతుంటారు. అంత పెద్ద లోగిల్లో గాలి వచ్చే వీధరుగు మగవారిది. పడకకుర్చీ తాతయ్యది. వెనక వసారాలో, పొగచూరిన వంటింట్లో, గోడకి ఒక్క చిన్న కిటికీ ఉన్న చోట మా అమ్మమ్మ, ఇద్దరు అత్తయ్యలు. బయట చేరిన మూడు రోజులూ దొడ్డివైపు చూరు కింద ఓ మూల. వంద మంది భోంచేయగల ఇంట్లో మా అమ్మమ్మ తనకంటూ ఏమైనా దాచుకోవాలంటే ఉన్న చోటు, వంటింటి గోడలో ఒక గూడు. తాళంచెవులు, వక్కలు, మడతపెట్టిన రెండు ఉత్తరాలు అందులోనే ఉండేవి. ఇల్లు పెద్దదైనంత మాత్రాన అందులో మన చోటు పెద్దది కాదని నాకు తెలిసింది ఆ ఇంట్లోనే.

అడుగుల లెక్క, అప్పు లెక్క

ఫ్లాటు ప్రకటనల్లో కనిపించే అడుగులకీ, మనం చీపురు పట్టుకుని ఊడ్చే అడుగులకీ చాలా తేడా ఉంటుంది. మెట్లు, లిఫ్టు, వరండాలు, గోడల మందం అన్నింట్లోనూ మన వాటా కలిపి చెప్పేది సూపర్ బిల్టప్ ఏరియా. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం, అందరూ 'రెరా' అనేది, కార్పెట్ ఏరియా అంటే ఏమిటో స్పష్టంగా చెప్పింది. ఫ్లాటు లోపల వాడుకోవడానికి వీలైన నేల, లోపలి అడ్డుగోడలతో సహా. బయటి గోడలు, పైపులు వెళ్ళే షాఫ్టులు, బాల్కనీ అందులోకి రావు. ఈ లెక్క చెప్పమని నిలదీసి అడిగే హక్కు మనకుంది. అడిగితే బిల్డరేమీ చిన్నబుచ్చుకోడు. చిన్నబుచ్చుకుంటే అక్కడ కొనకపోవడమే మంచిది.

మేం చూసిన 1,650 అడుగుల ఫ్లాటు పత్రాల్లో కార్పెట్ ఏరియా 1,155. ఇప్పుడున్న మా ఇంట్లో నేనూ మా అబ్బాయీ ఆదివారం పూట టేపు పెట్టి కొలిస్తే 760 తేలింది. అంటే 600 అడుగులకి డబ్బు పోస్తే మా కాలి కింద పెరిగే నేల 395 అడుగులు. అడుగు అయిదు వేలనుకుంటే ఆ 600 అడుగులకి 30 లక్షలు. తొమ్మిది శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ అప్పయితే నెలకి దాదాపు 27 వేలు. మొత్తం కట్టేది దాదాపు 65 లక్షలు. ఈ లెక్క కాగితం మీద వేసి మావారి కాఫీ కప్పు పక్కన పెట్టాను. కాసేపు చూసి, "మరి అమ్మాయికి గదో?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు కూడా ఉంది. మన దేశపు నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంట్లో మనిషి నివసించే గది ఒక్కటైనా కనీసం 9.5 చదరపు మీటర్లుండాలి. అంటే సుమారు 102 చదరపు అడుగులు. పదీ పదకొండు అడుగుల గదిలో మంచం, బీరువా, చదువుకునే బల్ల పడతాయి. తలుపు వేసుకుంటే దానికదో లోకం. తెలంగాణ ప్రభుత్వం 2015 తర్వాత కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు 560 అడుగులవి. రెండు పడగ్గదులు, హాలు, వంటగది అందులోనే ఇమిడ్చారు. మనం అంత సర్దుకోనక్కర్లేదు. కానీ పధ్నాలుగూ పదహారు అడుగుల మాస్టర్ బెడ్‌రూమ్ ఎవరి కోసం? రాత్రి ఏడు గంటలు కళ్ళు మూసుకుని పడుకునే చోటది. నా మటుకు నాకు పడగ్గదులు చిన్నవైనా మూడు ఉండాలి, వంటగది పెద్దదిగా ఉండాలి, బాల్కనీలో కుర్చీ వేసుకునే వెడల్పుండాలి. వెతికితే 1,250, 1,300 అడుగుల్లో అలాంటివి దొరుకుతున్నాయి.

వంటగది ఎవరి కొలతలకి?

వంటగది సంగతి కాస్త విపులంగా చెప్పుకోవాలి. ఇప్పుడు మాడ్యులర్ కిచెన్ అని మనం ముచ్చటపడుతున్న దానికి మూలపుటమ్మ ఒకావిడ ఉంది. పేరు మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ, ఆస్ట్రియా దేశపు ఆర్కిటెక్టు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ళ కోసం ఒక వంటగది రూపొందించింది. రైలు భోజనాల పెట్టెలో వంట ఎలా చేస్తారో గమనించి, ఆడవాళ్ళు వేసే అడుగుల్ని లెక్కగట్టి మరీ గీసిందట. ఆరడుగుల పైచిలుకు వెడల్పు, పదకొండడుగుల పొడవు. అన్నీ చేతికందే అరలు. అలాంటివి దాదాపు పదివేల ఇళ్ళల్లో అమర్చారు. ఆడదాని శ్రమ తగ్గించాలన్న తపనతో చేసిన పని. తర్వాత కాలంలో దానికో విమర్శా వచ్చింది. ఆ గదిలో రెండో మనిషి పట్టదు. ఆడే పిల్లలు కంటికి కనబడరు. వంట చేసే మనిషి ఒంటరిదైపోయింది.

ఆ విమర్శ నిన్న మేం చూసిన ఫ్లాటుకీ వర్తిస్తుంది. 1,650 అడుగుల ఇంట్లో వంటగది ఎనిమిదీ ఏడు. అంటే 56 అడుగులు. బిల్డింగ్ కోడ్ అడిగే కనీసం అయిదు చదరపు మీటర్లు, అంటే 54 అడుగులు, సరిగ్గా దాటించి వదిలేశారు. హాలు మాత్రం ఇరవై రెండడుగుల పొడవు! ఇద్దరు నిలబడలేని వంటగది కట్టి, 'మగవాళ్ళు సాయం చెయ్యరు' అని మనం, 'చోటేదీ?' అని వాళ్ళు!

గట్టు ఎత్తు కూడా చూసుకోండి. నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. మోచేతికి నాలుగైదంగుళాలు కింద గట్టుంటే నడుము వంచక్కర్లేదు. అయిదడుగుల మూడంగుళాల మనిషినైన నాకు ముప్పై నాలుగు అంగుళాలు సరిపోతుంది. పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఈ మూడింటి మధ్యా గీత గీస్తే ఏర్పడే త్రికోణం మొత్తం చుట్టుకొలత పన్నెండు నుంచి ఇరవై ఆరు అడుగుల లోపుండాలని వంటగదులు గీసేవాళ్ళ లెక్క. అంతకి మించితే రోజంతా పరుగే. వీటికి తోడు గిన్నెలు తోముకోవడానికీ, వాషింగ్ మెషీన్‌కీ వెనకో చిన్న బాల్కనీ. ఆగ్నేయం సంగతి సిద్ధాంతిగారు చూసుకుంటారు, మన నడుము సంగతి మనమే చూసుకోవాలి.

అందం మాటేమిటంటారా?

అందం వద్దని నేననను. పడమటి గోడ నిండా అద్దాల కిటికీ పెట్టి, ఏసీ వేసి, కర్టెన్లతో కప్పెయ్యడం నాకు నచ్చదు, అంతే. బెజవాడ ఎండల్లో అది పొయ్యి పక్కన కూర్చోవడమే. ఇంగ్లండులో పుట్టి, తిరువనంతపురంలో స్థిరపడ్డ లారీ బేకర్ (1917-2007) అనే ఆర్కిటెక్టు కట్టిన ఇళ్ళు చూడండి. ఇటుకల్ని నిలబెట్టి మధ్య ఖాళీ వదిలి గోడ కడతాడు. ఇటుకలు నాలుగో వంతు ఆదా, ఆ ఖాళీ వల్ల లోపలికి వేడీ తగ్గుతుంది. చిల్లులున్న ఇటుక గోడలోంచి గాలీ వెలుతురూ వస్తాయి, వీధిలోవాళ్ళకి లోపల కనబడదు. గోడకి సున్నం పూత కూడా ఉండదు. ఖర్చు తగ్గినందుకు ఆ ఇళ్ళకి అందమేమీ తగ్గలేదు.

అత్తయ్యగారి కిటికీ

ఇంతకీ నేను గట్టిగా నిలబడడానికి అసలు కారణం వేరే ఉంది. ఆ కొత్త ఫ్లాట్‌లో మూడో గది అత్తయ్యగారిదని అనుకున్నాం. వెళ్ళి చూస్తే ఆ గది కిటికీ షాఫ్టు వైపు తెరుచుకుంటుంది. కిటికీ తీస్తే ఎదురుగా పైపులు. ఆవిడ పెరిగింది అరుగున్న ఇంట్లో. ఇప్పుడు మా హాల్లో దివాన్ మీద కూర్చుని వీధిలో పాలబ్బాయినీ, బడికెళ్ళే పిల్లల్నీ పేరుపేరునా పలకరిస్తుంటారు. "మీకు విడిగా గది వస్తుంది అత్తయ్యా" అంటే, "నాకు గదెందుకమ్మా? వీధి కనబడే కిటికీ ఒకటుంటే చాలు. బాత్రూముకి మెట్టు లేకుండా చూడు" అన్నారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి కోరిన కోరికలు రెండే రెండు. 1,650 అడుగుల్లో ఆ రెండూ లేవు.

ఇక నా సంగతి. మా ఇంట్లో ఆయనకి కంప్యూటర్ బల్లుంది. పిల్లలకి చదువుకునే బల్లలున్నాయి. నేను కథలు రాసేది భోజనాల బల్ల మీద, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. నాలుగున్నరకి కాగితాలు తీసేసి ఉప్మా ప్లేట్లు పెట్టాలి. కథలు రాసే ఆడమనిషికి డబ్బూ, తనదంటూ ఒక గదీ కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లోనే పుస్తకం రాసింది. నేను గది దాకా వెళ్ళట్లేదు. కిటికీ పక్కన నాలుగడుగుల గోడ, ఒక బల్ల, తాళం పడే సొరుగు. మధ్యలో లేచిపోయినా కాగితాలు ఉన్నచోటే ఉండాలి. మీకు రాసే అలవాటు లేకపోవచ్చు. కుట్టుమిషనో, వీణో, చిట్టీల పుస్తకమో ఉంటుంది. దానికి ఇంట్లో చోటెక్కడ?

అడ్వాన్సు ఇచ్చేముందు మీరూ ఓ పని చెయ్యండి. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక కాగితమిచ్చి, పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా ఏ గంటలో ఎక్కడుంటారో రాయమనండి. మేం రాశాం. అబ్బాయి కాగితంలో ఎక్కువ గంటలు బాల్కనీలో తేలాయి. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల గది ఎవరి కాగితంలోనూ లేదు. నా కాగితంలో వంటగది తొమ్మిది గంటలు. అది చూశాక మావారు కాస్త మెత్తబడ్డారు. "సరే, వచ్చే ఆదివారం నువ్వు చెప్పిన ఆ 1,280 అడుగులది కూడా చూద్దాం" అన్నారు. అత్తయ్యగారిని కూడా తీసుకెళ్తున్నాం. బయానా ఇంకా ఎక్కడా ఇవ్వలేదు. మీ ఇంటి కాగితాల్లో ఏం తేలుతుందో, మీరూ ఓసారి రాసి చూడండి.